పదకొండు నెలల ఇంట్లో పదిహేనేళ్ళ చెట్టు

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు మల్లెచెట్టు వేయవచ్చునా?

ప్రశ్న చిన్నదే. పేపర్లో పెద్దక్షరాలతో వేసేది కాదు. కాని మా వీధిలో రెండు కుటుంబాల మధ్య మాటలు లేకుండా చేసిన ప్రశ్న ఇది. మూడో ఇంట్లో, అంటే మా ఇంట్లో, ఇప్పటికీ తేలలేదు. అంచేత మీ ముందు పెడుతున్నాను. నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

బంతి సంగతి వేరు. నారు తెచ్చి నాటితే రెండు నెలలకి పూస్తుంది, ఇంకో రెండు నెలలకి ఎండుతుంది. ఇల్లుగలవాళ్ళకీ అద్దెకున్నవాళ్ళకీ మధ్య రాసుకునే కాగితం సాధారణంగా పదకొండు నెలలకి. ఆ పదకొండు నెలల్లోనే బంతి పుట్టి, పెరిగి, పూసి, దాని గింజలు పొట్లంలోకి చేరిపోతాయి. ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు. కొత్తిమీర, తోటకూర ఇంకా మర్యాదస్తులు. నెల తిరక్కముందే లెక్క తేల్చేస్తాయి.

మల్లెకి ఈ మర్యాద తెలీదు. నాటిన ఏడాది ఒక దోసెడు పూలు పూసి ఊరిస్తుంది. రెండో ఏడు ఫరవాలేదనిపిస్తుంది. మూడో ఏడు నుంచి అసలు కాపు. అక్కణ్ణించి చూసుకున్నవాళ్ళ చేతిని బట్టి పదేళ్ళు, పదిహేనేళ్ళు పూస్తుంది. నందివర్ధనం, మందారం మొండిఘటాలు, ఇంట్లో పుట్టిన పిల్ల పెళ్ళి నాటికి కూడా అక్కడే ఉంటాయి. పారిజాతం సరేసరి. పదకొండు నెలల కాగితం మీద సంతకం పెట్టినవాడు ఇలాంటి చెట్టుకి గుంట తవ్వుతున్నాడంటే వాడు అమాయకుడైనా అయివుండాలి, ఆ ఇల్లు తనదేనని మనసులో అనుకుంటూ అయినా ఉండాలి. ఇల్లుగలవాళ్ళ భయమంతా ఈ రెండో దాని గురించే.

మాది నాయుడుపేట. స్వర్ణముఖి ఒడ్డున వూరు. తిరుపతినీ శ్రీకాళహస్తినీ చూసుకుని వచ్చిన ఏరు మా పక్కగా సముద్రానికి పోతుంది. ఏడాదిలో చాలా భాగం ఇసకే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలే మాకు అసలు వానలు, 2021 నవంబరులో మాదిరిగా ఒక్కోసారి ఏరు ఇన్నాళ్ళ బాకీ ఒకేసారి తీర్చేస్తుంది. ఇసక కలిసిన నేల, నీళ్ళు నిలవ్వు. మల్లెకి ఇలాంటి నేలంటే ప్రాణం. మేం గుండుమల్లి అంటాం, కోస్తావాళ్ళు బొండుమల్లె అంటారు.

రైలుంది. మద్రాసు, కలకత్తా పోయే పెద్ద రోడ్డుంది. శ్రీకాళహస్తి మీదుగా పూతలపట్టు పోయే రోడ్డు మా దగ్గరే మొదలు. మేనకూరులో సెజ్ వచ్చింతర్వాత ఫ్యాక్టరీల్లో పనికి వచ్చేవాళ్ళతో వాటాలకి గిరాకీ పెరిగింది. పెరట్లో రేకుల షెడ్డు వేసినా అద్దెకి అడుగుతున్నారు. ఏటా కొత్త మొహాలే. ఆ మాటకొస్తే మా వూరే 2022 ఏప్రిల్ 4న సామాను సర్దుకుని నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకి మారింది. వేరు కదల్లేదు, అడ్రసు మారింది. మొక్కలకి ఈ సౌకర్యం లేదు.

నేను తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయినవాణ్ణి. గూడూరు, వెంకటగిరి, కోట, రాపూరు, సూళ్ళూరుపేట, ఇలా తిప్పారు. మొత్తం ఏడు అద్దె ఇళ్ళు. ఏడింటిలోనూ మా ఆవిడ మల్లె అంటు పెట్టింది. మూడిళ్ళలో పూలు చూసింది. మిగతా నాలుగిళ్ళలో ఆకులు చూసి వచ్చేసింది. నాలుగో ఇంట్లో గుంట తవ్వుతుంటే నేను వుండబట్టలేక, “మనం ఎన్నాళ్ళుంటామని?” అన్నాను. “ఉన్నన్నాళ్ళు” అంది. అది జవాబు కాదని నా వాదన. అంతకంటే జవాబు ఏముంటుందని ఆవిడ వాదన. ముప్ఫయ్యేళ్ళ నుంచీ ఇది నడుస్తోంది.

ఇక పక్కింటి సంగతి. ఆ ఇల్లుగలావిడ పెద్దావిడ, భర్త పోయారు, కొడుకు బెంగుళూరులో. పెరటివైపు వాటాలో కొన్నేళ్ళ కిందట ఒక కుటుంబం దిగింది. ఆయన మేనకూరులో ఒక ఫ్యాక్టరీలో పని. ఆయన భార్యకి ముప్ఫై లోపే. సామాను దించిన మూడో రోజే మా గోడ దగ్గరకొచ్చి, “పిన్నమ్మా, మీ మల్లిచెట్టుది ఒక అంటు ఇస్తారా?” అని అడిగింది. మా ఆవిడకి ఆ పిల్ల మీద ప్రేమ పుట్టడానికి ఇంకేం కావాలి?

ఇల్లుగలావిడ అనుమతి కూడా అడిగింది సుమండీ. “ఏసుకోమ్మా, నేనేమన్నా వొద్దంటానా. పూస్తే పొద్దన్నే సామికి నాలుగియ్యి, అంతే” అంది ఆవిడ. ఈ అనుమతి మాటతో ఇచ్చింది, కాగితం మీద లేదు. కాగితం మీద గోడలకి మేకులు కొట్టరాదని ఉంది. చెట్టు ప్రసక్తి లేదు.

మొదటి రెండేళ్ళూ ఏ గొడవా లేదు. చెట్టు చిన్నదిగా ఉన్నప్పుడు గొడవలు ఉండవు. మూడో ఎండాకాలం మొదలైంది. మల్లె పూచేదీ ఎండాకాలంలోనే, నీళ్ళు కరువయ్యేదీ ఎండాకాలంలోనే. దేవుడు ఈ రెంటినీ ఒకే నెలల్లో ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియాలి. “మోటారు కరెంటు బిల్లు నీ మల్లిచెట్టు కట్టదు గదమ్మా” అంది పెద్దావిడ ఒక రోజు. ఆ పిల్ల మారు మాట్లాడలేదు. ఆ రోజు నుంచి బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు, పిల్లవాడికి స్నానం చేయించిన నీళ్ళు బకెట్లో పట్టి పాదులో పోసేది. పిల్లవాణ్ణి తొట్లో నిలబెట్టి సబ్బు తక్కువగా రుద్దేది. పూలు మాత్రం మొదటి నాలుగూ పెద్దావిడ సామికే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మిగతావాటిలో పెద్దావిడ వాటా అడగలేదు. కాని చుట్టుపక్కలవాళ్ళతో “మా మల్లిచెట్టు” అనేది. ఆ పిల్ల కూడా “మా మల్లిచెట్టు” అనేది. ఒకే చెట్టు, ఇద్దరి నోట్లో అదే మాట. మూడేళ్ళు ఇలా సాగింది.

ఎవరిది మరి?

గూడూరులో నాకొక వకీలు స్నేహితుడున్నాడు. సరదాకి అడిగాను. ఆయన సరదా మనిషి కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తీసి, 108వ సెక్షను హెచ్ క్లాజు చూపించాడు. అద్దెకున్నవాడు తాను నేలకి తగిలించిన వస్తువుల్ని తన స్వాధీనంలో ఉన్నంతవరకు తీసుకుపోవచ్చునట, చోటుని తనకి ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా వదిలిపెట్టాలి, అంతే. “నేలకి తగిలించిన” అంటే ఏమిటో అదే చట్టంలో మూడో సెక్షను చెబుతుంది. గోడలూ కట్టడాలూ తర్వాత, మొట్టమొదట చెప్పింది నేలలో వేళ్ళూనిన చెట్లూ పొదలూ. వేరే ఒప్పందమో, ఆ ప్రాంతపు ఆచారమో అడ్డు లేకపోతే మల్లెచెట్టు ఆ పిల్లదే. తవ్వి తీసుకుపోవచ్చు. గుంట పూడ్చి పోతే చాలు.

నాకు భలే సంతోషమేసింది. నా వాదనకి నూట నలభై ఏళ్ళ బలం దొరికింది గదా! ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ చాట కింద పెట్టి, “మల్లిచెట్టు ఆ చట్టం చదివిందా?” అంది.

అదీ నిజమే. చిన్నంటు అయితే వేరు చుట్టూ మట్టి ముద్దతో లేపి ఇంకోచోట పెట్టవచ్చు. ఆరేళ్ళ పొదని గడ్డపారతో లేపితే లోపల సగం వేళ్ళు తెగి అక్కడే ఉండిపోతాయి. వానలకాలంలో, కొమ్మలు పొట్టిగా కోసి, పెద్ద మట్టిగడ్డతో లేపితే బతకొచ్చునేమో. ఎండాకాలంలో అయితే ఆశ వదులుకోవాలి. హక్కు ఉంది, దాన్ని వాడితే చెట్టుండదు. చట్టం పదికాలాలు నిలిచే మంచాలనీ బీరువాలనీ దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతుంది కాబోలు. బీరువాని కదిలిస్తే గోడ మీద మచ్చ మిగుల్తుంది, బీరువా బీరువాగానే ఉంటుంది.

వేళ్ళతో సహా చెట్టుని పెకలించుకొచ్చి బతికించినవాడు నాకు తెలిసి ఒక్కడే, శ్రీకృష్ణుడు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ ఎరగని తెలుగువాడు లేడు. సత్యభామ అలిగింది, ఆయన స్వర్గానికి వెళ్ళాడు, ఇంద్రుడితో పోట్లాడాడు, పారిజాతాన్ని గరుత్మంతుడి వీపు మీద ఎక్కించుకొచ్చి ఆవిడ పెరట్లో నాటాడు. మనం ఇక్కడితో కథ ఆపేస్తాం, ఎందుకంటే గెలిచినచోట ఆపడం మనకి ఇష్టం. కాని విష్ణుపురాణంలో ఒక మెలిక ఉంది. ఇంద్రుడు చెట్టుని ఒక షరతు మీద ఇచ్చాడు. కృష్ణుడు భూమ్మీద ఉన్నంతకాలమే అది ద్వారకలో ఉంటుంది, ఆయన వెళ్ళిపోతే చెట్టు తిరిగి స్వర్గానికి వచ్చేస్తుంది. అంటే ఏమన్నమాట? ఆయన యుద్ధం చేసి గెల్చుకొచ్చింది కూడా అద్దె చెట్టే. పదకొండు నెలల బదులు కొంచెం పెద్ద గడువు, అంతే తేడా.

మా ఆవిడ పురాణం వినిపిస్తే వొప్పుకుంటుంది గాని చట్టం వినిపిస్తే వొప్పుకోదు. అంచేత ఇది విని సంతోషించి, తనూ ఒకటి చెప్పింది. తిరుమలలో అనంతాళ్వారు కథ. రామానుజులవారి శిష్యుడు. స్వామికి పూలతోట పెంచమని గురువు పంపితే కొండమీదకొచ్చి, గునపం పట్టుకుని నేల తవ్వి తోట వేశాడు. ఆ గునపాన్ని ఇప్పటికీ మహాద్వారం దగ్గర వేలాడదీసి వుంచారు, కొండకి వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. ఆయన తోటలో రాత్రిళ్ళు ఎవరో పూలు కోసుకుపోతున్నారు. కాపు కాశాడు. ఒక దంపతులు దొరికారు. ఆయన తప్పించుకుపోయాడు, ఆవిడని పట్టుకుని చెట్టుకి కట్టేశాడు. తెల్లారి చూస్తే ఆవిడ సాక్షాత్తూ అమ్మవారు.

ఈ కథ భక్తి కథగా అందరం వింటాం. నాకు మాత్రం తోటమాలి కథగా వినిపిస్తుంది. తోట ఎవరి కోసం వేశాడు? స్వామి కోసం. కొండమీద పూచే ప్రతి పువ్వూ స్వామిదే, అక్కడ మనుషులు పూలు పెట్టుకోరు. ఆ సంగతి అనంతాళ్వారు కంటే తెలిసినవాడెవడు? అయినా నీళ్ళు మోసి మోసి, కలుపు తీసి తీసి, ఆ చేతులకి తోట తనదైపోయింది. అసలు యజమానురాల్నే దొంగ కింద కట్టేశాడు! మొక్కని పెంచడంలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. కాగితం ఎవరి పేరున ఉన్నా నీళ్ళు పోసిన చెయ్యి వొప్పుకోదు. ఆ చెయ్యి వొప్పుకోకపోవడాన్ని స్వామి తప్పు పట్టలేదని కూడా కథ చెబుతుంది. ఏటా బ్రహ్మోత్సవాలయ్యాక బాగ్ సవారి అని ఒక ఉత్సవం చేస్తారు. స్వామి తానే ఆ తోటకి వెళ్తాడు. ఆ రాత్రి పారిపోయిన దారినే, అప్రదక్షిణంగా.

మా పక్కింటి పెద్దావిడకి ఈ కథ తెలుసు. ఆవిడ కూడా ఏటా కొండకి పోతుంది.

మొన్నటి కంటే మొన్నటి డిసెంబరులో ఆ పిల్ల భర్తని హోసూరుకి మార్చారు. సంక్రాంతి వెళ్ళగానే ఇల్లు ఖాళీ చేయాలి. వాళ్ళు పోయేదేమో జనవరిలో, మల్లె పూచేదేమో మార్చిలో. ఆరేళ్ళ చెట్టు, మంచి కాపు మీద ఉన్న చెట్టు. ఇక్కడ మల్లె పెంపకం తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. మల్లె మొగ్గ పాత కొమ్మకి రాదు, కొత్త చిగురుకి వస్తుంది. అంచేత నవంబరు చివరినుంచి జనవరి లోపల కొన్నాళ్ళు నీళ్ళు ఆపేసి, ఆకంతా దూసేసి, కొమ్మల్ని మోకాలెత్తుకి కత్తిరించేయాలి. తర్వాత గొప్పు తవ్వి, ఎరువేసి, నీళ్ళు పెడితే చిగురు దూసుకొస్తుంది. ఆ చిగురుకే పూలు. కత్తిరించకపోతే చెట్టు చావదు. పచ్చగా, గుబురుగా, చూడ్డానికి లక్షణంగా ఉంటుంది. పూలే తక్కువ పూస్తుంది, అదీ పొడుగాటి కొమ్మల చివర్ల ఎక్కడో ఒకటి. కత్తిరించిన చెట్టుని చూస్తే మాత్రం తెలియనివాళ్ళు నిలువునా నరికేశారనుకుంటారు. నాలుగు మోళ్ళు, అంతే మిగుల్తాయి.

ధనుర్మాసంలో ఒక ఆదివారం పొద్దున ఆ పిల్ల మా ఆవిడ దగ్గర కత్తెర అడిగి తీసుకెళ్ళింది. సామాను సగం మూటలు కట్టి ఉంది. పిల్లవాణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఆకు దూసింది, కొమ్మలు కోసింది, మొదలు చుట్టూ తవ్వి, ఒక బొచ్చెడు పశువుల ఎరువు తెప్పించి వేసింది. నేను గోడ ఇవతల్నుంచి చూస్తూ, “పోతూ పోతూ నీకెందుకమ్మా ఇది?” అని అడిగాను.

“నెల దాటిపోతాది గదా బాబాయ్” అంది.

పెద్దావిడ శ్రీకాళహస్తి వెళ్ళి సాయంత్రం వచ్చింది. మోళ్ళు చూసింది. తర్వాత జరిగింది వివరంగా రాయను. “నాకు దక్కంది ఇంకోళ్ళకి దక్కగూడదనేగా!” అన్న మాట మాత్రం వీధంతా విన్నారు. ఆ పిల్ల, “పెద్దమ్మా, చిగురేస్తాది, మార్చిలో చూడండి” అని రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు. మా ఆవిడ వెళ్ళి చెప్పినా పెద్దావిడ చెవిన పడలేదు. నెలనాడు వాళ్ళు లారీ ఎక్కించేటప్పుడు ఆవిడ తలుపేసుకుంది. అడ్వాన్సు డబ్బు నా చేతికిచ్చి పంపింది, సున్నానికని ఐదువందలు తగ్గించుకుని.

ఇప్పుడు చెప్పండి. ఆ పిల్ల ఆ పని చేయవలసిన అవసరం ఏముంది? చట్టం అడగదు. చట్టానికి గుంట పూడిస్తే చాలు. కాగితం అడగదు. ఇల్లుగలావిడ అడగకపోగా తిట్టింది. పూలు తనకి రావు. పుణ్యం కోసమా అంటే, పుణ్యం కోసం చేసేవాళ్ళు నలుగురికి తెలిసే పని చూసుకుంటారు, నలుగురూ నిందవేసే పని చూసుకోరు. పెద్దావిడ మీద ఉపకారబుద్ధితో చేసిందని కూడా నేననుకోను. మోటారు బిల్లు మాట ఆ పిల్ల మరిచిపోయి ఉండదు.

నేను రోజుల తరబడి ఆలోచిస్తే నాకు తోచింది ఒకటే. మనం కాలాన్ని ఏదో ఒకదాన్ని పట్టుకుని లెక్కపెడతాం. జీతగాడు ఒకటో తారీకుని పట్టుకుని, అద్దెకున్నవాడు కాగితంలో గడువుని పట్టుకుని. ఆ పిల్ల ఆరేళ్ళలో ఎప్పుడో కాగితాన్ని వదిలేసి చెట్టు లెక్క పట్టుకుంది. ఆ లెక్కలో డిసెంబరు అంటే కత్తిరింపు. ఎవరుంటారు, ఎవరు పోతారు అన్న గడి ఆ లెక్కలో లేనే లేదు. పసిపిల్లవాడు ఆకలికి ఏడిస్తే, ఈ పిల్లవాడు పెద్దయి నన్ను చూస్తాడా అని ఏ తల్లయినా ఆలోచించి పాలిస్తుందా? వేళయింది, ఇస్తుంది. దీన్ని త్యాగం అనడం నాకు ఇష్టం లేదు. త్యాగానికి లెక్క తెలిసి ఉండాలి.

ఈ మాట అంటే మా ఆవిడ, “ముప్ఫయ్యేళ్ళుగా నేను చెప్తా వుండేది అదే” అంది. ఆవిడ చెప్పింది “ఉన్నన్నాళ్ళు” అని. నేను చెప్పేది కొంచెం వేరు. ఆ పిల్ల పని తను ఉన్నన్నాళ్ళతో ఆగలేదు, తను లేని రెండు నెలలకి కూడా చేసింది. సరే, వాదించి ప్రయోజనం లేదు.

మార్చి రెండో వారంలో మోళ్ళు కనపడకుండా చిగురు కమ్మింది. ఉగాదికి మొగ్గలు. ఏప్రిల్లో సాయంత్రమైతే మా ఇంట్లో కూచున్నా వాసన. పెద్దావిడ పూలు కోసుకుంది. కూతురికి పంపింది. గుడికి మాలలు కట్టించింది. కత్తిరింపు సంగతి మాత్రం ఎత్తలేదు. ఆవిడ నోటి నుంచి ఒక్క మాట వస్తుందేమోనని మా ఆవిడ ఎండాకాలమంతా కాచుకుని కూచుంది. నేను వద్దని చెప్పాను. డెబ్భయి దాటినవాళ్ళు తప్పు వొప్పుకోవాలని ఎదురుచూడటం, ఏప్రిల్లో స్వర్ణముఖికి వరద వస్తుందని ఎదురుచూడటం లాంటిది. మే నెలలో ఒకసారి వచ్చి, “ఆ పిల్ల ఫోను నంబరు నీకాడ ఉండాదా?” అని అడిగింది. ఇచ్చాం. చేసిందో లేదో మాకు తెలీదు. ఆ పిల్లని అడగడానికి మొహమాటం.

ఆ పిల్ల వట్టి చేతులతో పోయిందనుకోకండి. వానల్లోనే ఒక కొమ్మని వంచి మట్టిలో తొక్కిపెట్టి ఉంచింది. రెండు మూడు నెలల్లో వేళ్ళు పట్టే పద్ధతి అది. దాన్ని కోసి, పెయింటు డబ్బాలో పెట్టుకుని లారీలో ముందు సీటు దగ్గర పెట్టుకుని పోయింది. గుండుమల్లికి మన దగ్గర గింజ పట్టదని గమనించారా? అన్ని వేల పూలు పూస్తుంది, ఒక్క విత్తనం ఇవ్వదు. మనిషి కొమ్మ విరిచి ఇంకో మనిషికి ఇస్తేనే దానికి రేపు ఉంటుంది. అంటుతో వచ్చిన చెట్టు పాత చెట్టుకి పిల్ల కూడా కాదు, పాత చెట్టే. హోసూరు రెండో అంతస్తులో డబ్బాలో ఉన్నదీ, ఇక్కడ పెరట్లో ఉన్నదీ, దానికి ముందు మా గోడ పక్కనున్నదీ అంతా ఒకటే ప్రాణం. మా ఆవిడకి అది వెంకటగిరిలో పక్కింటివాళ్ళు ఇచ్చిన కొమ్మ. వాళ్ళకి ఎవరిచ్చారో! ఇలా చేతుల మీదుగానే మల్లె సముద్రాలు దాటి ఫిలిప్పీన్స్ జాతీయపుష్పమైంది, 1934లో. మన పెరటి మొక్క అక్కడ పాస్‌పోర్టు లేకుండా పౌరసత్వం సంపాదించింది.

ఇటలీలో టస్కనీ అని ఒక సంస్థానం ఉండేది. పదిహేడో శతాబ్దం చివర్లో అక్కడి ప్రభువుకి గోవా నుంచి దొంతరమల్లె చేరిందట. ఆయన దాన్ని చూసి మురిసిపోయి, ఒక్క రెమ్మ కూడా బయటికి పోరాదని తోటమాలికి ఆజ్ఞ వేశాడని కథ చెబుతారు. తోటమాలికి ఒక పిల్ల అంటే ఇష్టం. పుట్టినరోజుకి ఒక రెమ్మ ఇచ్చాడు. ఆ రెమ్మ నాటితే బతికింది, అంట్లు అమ్ముకుని వాళ్ళు పెళ్ళి చేసుకున్నారు. ఆ మల్లెకి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు మాత్రం ‘గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ’. ఇవ్వొద్దన్నవాడి పేరు నిలిచింది, ఇచ్చినవాడి పేరు కథలో కూడా లేదు. ఇల్లుగలవాళ్ళకీ అద్దెకున్నవాళ్ళకీ ఉన్న తేడా ఇటలీలోనూ అంతే కాబోలు.

అయితే అంటు తీసుకుపోతే సరిపోయిందా, లెక్క చెల్లిందా అంటే, నేను అవునని చెప్పలేను. ప్రాణం ఒకటే అయినా ఆరేళ్ళు ఒకటి కావు. సబ్బు తక్కువగా రుద్దిన స్నానాలనీ, ఎండాకాలం మధ్యాహ్నాలనీ డబ్బాలో పెట్టుకుపోవడం కుదరదు. అవి ఇక్కడి వేళ్ళలోనే ఉండిపోయాయి. హోసూరులో మొన్న ఎండాకాలం పదకొండు పూలు పూసిందట. ఆ పిల్ల ఫోటో పంపింది. మా ఆవిడ అద్దాలు పెట్టుకుని, ఫోటోలో లెక్కపెట్టి, పన్నెండని తేల్చింది. ఒకటి ఆకు వెనకాల ఉందట.

ఇప్పుడు పెద్దావిడ కొడుకు పైన మేడ వేయిస్తానంటున్నాడు. మెట్లు పెరటివైపు నుంచి వస్తాయి, సరిగ్గా మల్లె ఉన్నచోటు నుంచి. మేస్త్రీ సున్నంతో గీతలు గీసి పోయాడు. ఒక గీత చెట్టు మొదలు మీదుగానే పోయింది. ఇల్లు వాళ్ళది, ఆ మాట కాదనను. మెట్లు ఎక్కడో ఒకచోట రావాలి.

మా ఆవిడ పెద్దావిడని అడిగి, మొన్నటి వానల్లో ఆ చెట్టుకి ఆరు కొమ్మలు తొక్కింది. “నాకు చెప్పేదేంది, తొక్కుకో” అంది పెద్దావిడ. కాసేపు నిలబడి, మట్టి సరిగ్గా కప్పలేదని తనే కాలితో అదిమి వెళ్ళింది. ఆరింట్లో నాలుగు వేళ్ళు పట్టాయి. ఒకటి పెద్దావిడే అడిగి తీసుకుంది, కొత్త మెట్ల పక్కన పెడుతుందట. ఒకటి ఆ వాటాలో ఇప్పుడున్న కుర్రాళ్ళు తీసుకున్నారు, ఎక్కడ పెట్టారో, నీళ్ళు పోస్తున్నారో లేదో! మిగతా రెండూ మా గోడ వారగా నల్ల కవర్లలో ఉన్నాయి. వీధి చివరి మాష్టారు ఒకటి అడిగారు. ఆయనకి సొంత ఇల్లుంది, బోరుంది, పెరడంతా ఖాళీయే. మా ఆవిడ ఇవ్వలేదు. అద్దె ఇంట్లో వాళ్ళెవరైనా వస్తే వాళ్ళకే ఇస్తుందట, సొంతిళ్ళవాళ్ళు వచ్చే ఏటిదాకా ఆగొచ్చట.